నల్లరేగడి కథ: పరిశోధనశాల నుంచి పునాది దాకా

మన సంఘం ప్రత్యేక సంచికకు చరిత్ర మీద ఏదైనా రాయమని సంపాదకవర్గం మిత్రులు అడిగారు. రాజుల చరిత్ర, కోటల చరిత్ర రాయగల పెద్దలు మన సభ్యుల్లో ఉన్నారు. నా సర్వీసులో ఎక్కువ భాగం కాలువగట్ల మీద, కొంతకాలం మట్టి పరీక్షల లేబొరేటరీలో గడిచింది. అందుచేత నాకు తెలిసిన చరిత్ర మట్టి చరిత్రే. మన రెండు తెలుగు రాష్ట్రాల్లో విస్తారంగా ఉన్న నల్లరేగడి నేలను విశ్వవిద్యాలయాల్లోని పరిశోధకులు ఎలా అర్థం చేసుకున్నారో, ఆ తెలివిడి మన కాలువలకూ ఇళ్ల పునాదులకూ ఎంతవరకు చేరిందో ఈ వ్యాసంలో చెబుతాను. ఇంజనీరింగు చదవని సభ్యులను కూడా దృష్టిలో పెట్టుకుని లెక్కలు వీలైనంత తగ్గించాను.

రైతుకు బంగారం, మేస్త్రీకి భయం

మన దేశ విస్తీర్ణంలో సుమారు అయిదో వంతు నల్లరేగడి అని ఇంజనీరింగు పుస్తకాల్లో రాస్తారు. దక్కను పీఠభూమి మీద నల్లరాయి, అంటే బసాల్టు, లక్షల ఏళ్లు ఎండకూ వానకూ చివికి ఏర్పడిన మట్టి ఇందులో ఎక్కువ. నదుల వెంట కొట్టుకొచ్చి మేట వేసినది మరికొంత. ఆదిలాబాదు, నిజామాబాదు, కర్నూలు, గుంటూరు, ప్రకాశం ప్రాంతాల్లో తిరిగినవారికి దీన్ని పరిచయం చేయనక్కరలేదు. పత్తికి, మిరపకు, శనగకు ఇంతకంటె మంచి నేల లేదు. వేసవిలో చెయ్యి దూరేంత నెరియలు పడుతుంది. ఆ నెరియల్లోకి పైమట్టి రాలిపడుతుంది. తొలకరి పడగానే నేల ఉబ్బి నెరియలు పూడుకుపోతాయి. ఇలా తనను తాను దున్నుకునే నేల అని వ్యవసాయ శాస్త్రజ్ఞులు దీన్ని మెచ్చుకుంటారు.

రైతు మెచ్చుకునే ఆ గుణమే ఇల్లు కట్టేవాడికి ప్రాణాంతకం. ఎండాకాలం కుంగి, వానాకాలం లేచే నేల మీద గోడ నిలవదు. తలుపులు బిగుసుకుపోతాయి, కిటికీ మూలల నుంచి ఏటవాలుగా బీటలు వస్తాయి, గచ్చు మధ్యలో ఉబ్బుతుంది. పాత మేస్త్రీలు ఇది ఎరుగుదురు. సుద్ద తగిలేదాకా తవ్వండి, లేకపోతే కట్టకండి అనేవారు. ఎందుకని అడిగితే మాత్రం ఈ నేల గుణమే అంత అనేవారు. ఆ 'ఎందుకు'కు జవాబు వెతకడమే మన కథ.

ఇస్తాంబుల్ కాలేజీలో ఒక ఆచార్యుడు

మట్టి గురించి ఆధునిక శాస్త్రం ఎక్కడో పెద్ద సంపన్న విశ్వవిద్యాలయంలో పుట్టలేదు. 1883లో ప్రాగ్ నగరంలో పుట్టిన కార్ల్ టెర్జాగీ గ్రాజ్‌లో మెకానికల్ ఇంజనీరింగు చదివాడు. కట్టడాల పనుల్లో తిరుగుతూ, మట్టి విషయంలో ఇంజనీర్లు ఊహ మీదనే ఆధారపడుతున్నారని గమనించాడు. 1912లో అమెరికా వెళ్లి అక్కడి పశ్చిమ ప్రాంతపు ఆనకట్టల పనులు చూస్తూ అనుభవాలన్నీ పోగుచేశాడు. ఎంత పోగుచేసినా వాటినుంచి ఒక నియమం తేలలేదు. మట్టిని 'ఇసుక', 'బంకమన్ను' అని పేర్లతో చెప్పుకోవడమే గాని కొలిచి చెప్పే పద్ధతి లేకపోవడమే అందుకు కారణం.

1916లో ఆయన ఇస్తాంబుల్ చేరాడు. మొదటి ప్రపంచయుద్ధం ముగిశాక అక్కడే అమెరికన్లు నడిపే రాబర్ట్ కాలేజీలో పాఠాలు చెబుతూ, దొరికిన పాత సామానుతో తానే పరికరాలు కట్టుకున్నాడు. ఒక లోహపు వలయంలో తడి బంకమన్ను బిళ్లను పెట్టి, కిందా పైనా నీరు పోయే రాళ్లు అమర్చి, మీద బరువు వేసి, రోజులతరబడి అది ఎంత కుంగుతోందో కొలిచాడు. వేసిన బరువును మొదట మట్టిరేణువుల సందుల్లోని నీరు మోస్తుందనీ, ఆ నీరు మెల్లగా బయటికి పోయినకొద్దీ బరువు రేణువుల మీదికి మారుతుందనీ, నేల కుంగడమంటే ఇదేననీ ఆయన తేల్చాడు. 1923లో ఆ గణితాన్ని, 1925లో వియన్నా నుంచి జర్మన్ భాషలో తన పెద్ద గ్రంథాన్ని ప్రచురించాడు. సాయిల్ మెకానిక్స్ అనే శాస్త్రానికి ఆ సంవత్సరాన్నే పుట్టిన ఏడుగా లెక్కిస్తారు. 1925లోనే ఆయన్ను అమెరికాలోని మసాచుసెట్స్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీ పిలిపించుకుంది. 1936లో హార్వర్డులో జరిగిన మొదటి అంతర్జాతీయ మహాసభకు ఆయనే అధ్యక్షుడు.

ఆయన వాడిన వలయం పరికరానికి ఈడోమీటర్ అని పేరు. మన లేబొరేటరీల్లో కన్సాలిడేషన్ టెస్టు అని చేసేది దానితోనే. కుంగుదల కొలవడానికి పుట్టిన ఆ పరికరమే తరువాత ఉబ్బు కొలవడానికీ పనికొచ్చింది. ఎండిన నల్లరేగడి బిళ్లకు నీరు తగిలించి, అది పైకి లేవకుండా ఆపడానికి ఎంత ఒత్తిడి కావాలో చూస్తే అదే ఉబ్బు ఒత్తిడి. మంచి నల్లరేగడిలో ఇది చదరపు సెంటీమీటరుకు 3 కిలోలు, ఒక్కోచోట అంతకుమించి ఉంటుంది. అంటే చదరపు మీటరుకు 30 టన్నులు. ఒక అంతస్తు ఇంటి గోడ పునాది మీద వేసే బరువు సాధారణంగా చదరపు మీటరుకు 10 టన్నులు కూడా దాటదు. ఇల్లు ఎందుకు లేస్తుందో ఈ రెండు అంకెలు పక్కపక్కన రాసుకుంటే తెలిసిపోతుంది.

ఉబ్బు ఎక్కడినుంచి వస్తుంది

నల్లరేగడికే ఇంత బలం ఎందుకన్నదానికి జవాబు ఖనిజశాస్త్రం నుంచి వచ్చింది. బంకమన్ను అంటే రూపంలేని బురద కాదు, అతి చిన్న స్ఫటికాల పోగు అని ఎక్స్‌రే పరీక్షల వల్ల 1930 ప్రాంతంలో రుజువైంది. ఫ్రాన్సులోని మోంమోరియాఁ ఊరి పేరుమీద పిలిచే మాంట్‌మోరిల్లొనైట్ అనే ఖనిజం నిర్మాణాన్ని 1933లో జర్మనీలో హాఫ్‌మన్, ఎండెల్, విల్మ్ అనే ముగ్గురు వివరించారు. పుస్తకంలో కాగితాల్లాగా పలచని పొరలు ఒకదానిమీద ఒకటి ఉంటాయి. ఆ పొరల మధ్య పట్టు చాలా బలహీనం. నీరు అందగానే అది పొరల మధ్యకు దూరి వాటిని ఎడంచేస్తుంది. ఒక గ్రాము మాంట్‌మోరిల్లొనైట్‌లో ఈ పొరల ముఖాలన్నీ పరిస్తే సుమారు 800 చదరపు మీటర్లవుతుందని లెక్క. కుండమట్టిలో ఎక్కువగా ఉండే కేయొలినైట్‌కు గ్రాముకు పది ఇరవై చదరపు మీటర్లే. నల్లరేగడిలో ఉబ్బంతా ఈ మొదటి ఖనిజానిదే.

అయితే కాలువగట్టు మీద ఉన్న ఇంజనీరు దగ్గర ఎక్స్‌రే యంత్రం ఉండదు. అతనికి చేతిలో పట్టే పరీక్ష కావాలి. 1911లో అటర్‌బర్గ్ అనే స్వీడన్ దేశపు వ్యవసాయ రసాయన శాస్త్రజ్ఞుడు మట్టి ఎంత నీటితో జారుతుంది, ఎంత నీటితో ముద్ద కడుతుంది అనే హద్దులు చెప్పి ఉన్నాడు. టెర్జాగీ శిష్యుడు ఆర్థర్ కాసాగ్రాండే 1932లో దానికి ఒక ఇత్తడి గిన్నె పరికరం కట్టాడు. మట్టిముద్దను గిన్నెలో పరిచి, మధ్యలో గాడి తీసి, పిడి తిప్పితే గిన్నె 10 మిల్లీమీటర్ల ఎత్తునుంచి టకటకా పడుతుంది. 25 దెబ్బలకు గాడి మూసుకునేంత నీరు ఉంటే అది లిక్విడ్ లిమిట్. లేబొరేటరీలో పనిచేసిన మన మిత్రులకు ఆ టకటక శబ్దం ఇప్పటికీ గుర్తుండే ఉంటుంది. 1953లో లండన్ ఇంపీరియల్ కాలేజీ ఆచార్యుడు స్కెంప్టన్ ఈ హద్దులను మట్టిలోని సన్నరేణువుల పాలుతో కలిపి చూస్తే అందులో ఏ రకం బంకమన్ను ఉందో చాలావరకు పసిగట్టవచ్చని చూపించాడు. అంటే ఒక గిన్నె, ఒక త్రాసు, ఒక ఆరబెట్టే పొయ్యి ఉంటే ఖనిజం జాడ తెలిసే వీలు వచ్చింది.

కష్టం వచ్చిన చోటే పరిశోధన

ఉబ్బే నేలను ఒక ప్రత్యేక సమస్యగా మొదట గుర్తించినవారిలో మన వంటి నీటిపారుదల ఇంజనీర్లు ఉన్నారు. 1938లో అమెరికాలో ఒరెగాన్ రాష్ట్రంలోని ఓవైహీ ప్రాజెక్టులో ఒక ఉక్కు సైఫన్ పునాది దగ్గర బ్యూరో ఆఫ్ రిక్లమేషన్ దీన్ని గుర్తించింది. ఆ సంస్థకు చెందిన హోల్ట్జ్, గిబ్స్ 1956లో ప్రచురించిన పత్రం చాలాకాలం అందరికీ పాఠ్యగ్రంథంలా ఉపయోగపడింది. దక్షిణాఫ్రికాలో ఇళ్లు బీటలు వారుతుంటే విట్‌వాటర్స్‌రాండ్ విశ్వవిద్యాలయపు జెన్నింగ్స్, నైట్‌తో కలిసి 1957లో జంట ఈడోమీటర్ పద్ధతి చెప్పాడు. ఒకే మట్టివి రెండు బిళ్లలు తీసుకుని, ఒకదాన్ని ఉన్న తేమతోనే, రెండోదాన్ని నీటిలో తడిపి పరీక్షించి, ఆ తేడానుబట్టి నేల ఎంత లేస్తుందో ముందే అంచనా కట్టడం ఆ పద్ధతి. 1965లో టెక్సాస్‌లో ఈ ఒక్క విషయం మీదనే అంతర్జాతీయ సమావేశం జరిగింది. ఆ వరుసలో ఆరవది 1987లో న్యూఢిల్లీలో జరిగింది. అప్పటికి ఈ విషయంలో మనవాళ్లు వినేవారి వరస నుంచి చెప్పేవారి వరసలోకి వచ్చేశారు.

రూర్కీ: గుబ్బ పైలు

మన దేశంలో మొదటి గట్టి పరిష్కారం రూర్కీ నుంచి వచ్చింది. 1947లో మొదలైన సెంట్రల్ బిల్డింగ్ రిసర్చ్ ఇన్‌స్టిట్యూట్‌లో దినేష్ మోహన్ గారు, వారి సహచరులు నల్లరేగడి ప్రాంతాల్లో నేల కదలికలను లోతువారీగా కొలిచారు. లోతైన నల్లరేగడిలో కూడా సుమారు 3.5 మీటర్ల కిందికి పోతే ఎండావానల ప్రభావం దాదాపు ఉండదని తేలింది. పైనేల ఎంత ఆడినా ఇంటిని ఆ లోతులోని కదలని నేలకు తగిలించాలి, అంతే. అందుకు వారు అండర్‌రీమ్డ్ పైలును వాడుకలోకి తెచ్చారు. చేతితో తిప్పే ఆగరుతో సన్నని గొయ్యి తవ్వి, అడుగున గొయ్యిని వెడల్పు చేసి కాంక్రీటు పోస్తారు. గుబ్బ వ్యాసం సాధారణంగా పైలు వ్యాసానికి రెండున్నర రెట్లు. నేల పైకి లాగినా ఆ గుబ్బ లంగరులా పట్టుకుంటుంది. పైల్లను కలిపే దూలాన్ని నేలకు ఆనించకుండా కింద 8 సెంటీమీటర్ల దాకా ఖాళీ వదలాలి. నేల ఉబ్బితే ఆ ఖాళీలోకి ఉబ్బుతుంది, ఇంటికి తగలదు.

భారత ప్రమాణాల సంస్థ దీన్ని 2911 నంబరు ప్రమాణంలో మూడో భాగంగా చేర్చింది. పెద్ద యంత్రాలు లేకుండా నలుగురు కూలీలతో జరిగే పని కావడంతో పల్లెల్లోని స్కూళ్లకూ క్వార్టర్లకూ కూడా ఇది చేరింది. మన తరం ఇంజనీర్లు కట్టిన ఎన్నో ప్రభుత్వ భవనాల కింద ఈ గుబ్బ పైల్లు ఉన్నాయి.

బొంబాయి: ఒక మీటరు మొరం రహస్యం

ఇల్లయితే పైలు మీద నిలబెట్టవచ్చు. వందల మైళ్ల కాలువను పైల్ల మీద నిలబెట్టలేం కదా. నాగార్జునసాగర్‌కు 1955 డిసెంబరు 10న శంకుస్థాపన జరిగింది. 1967 ఆగస్టు 4న కాలువలకు నీరు వదిలారు. ఆ ఆయకట్టులో నల్లరేగడి ఎంత ఉందో మన సభ్యులకు తెలుసు. ఇలాంటి కాలువలకు కాంక్రీటు లైనింగు వేస్తే వచ్చే చిక్కు ఇది. 10 సెంటీమీటర్ల మందం గల లైనింగు పలక బరువు చదరపు మీటరుకు 240 కిలోలు. కింద నేల తోసే తోపు 30 టన్నులు. అంటే వంద రెట్లు పైమాటే. పలకలు కీళ్ల దగ్గర లేచి, పగిలి, కట్టలోకి నీరు దిగి, ఆ నీటితో నేల మరింత ఉబ్బుతుంది. చివరికి నష్టపోయేది కాలువ చివర ఉన్న రైతు. నేను పనిచేసిన ఒక బ్రాంచి కాలువలో ఇలా లేచిన పలకల వరుసను చూశాను. చివరి భూముల రైతులు ఆఫీసుకు వచ్చి అడిగింది కూడా పలకల గురించి కాదు, నీళ్లెందుకు రావడంలేదని.

అంతకుముందు అందరూ ఆలోచించినది బరువుతో అణచడం, లేకపోతే కింద ఇసుక పరచడం. బొంబాయి ఐ.ఐ.టి. ఆచార్యులు ఆర్. కె. కట్టి గారు వేరే దారిన వెళ్లారు. ఆయన చిన్న బిళ్లలతో సరిపెట్టుకోకుండా పెద్ద తొట్టెల్లో నల్లరేగడి నింపి తడిపి చూశారు. పైన ఒక మీటరు దాకా నేల బాగా ఉబ్బింది. ఆ లోతు దాటాక దాదాపు ఉబ్బు లేదు. ఒక మీటరు మట్టి బరువు చదరపు మీటరుకు 2 టన్నులకు మించదు. 30 టన్నుల ఒత్తిడిని 2 టన్నులు అణచలేవు. కనుక అక్కడ ఆపుతున్నది బరువు కాదు, పైపొరలో తడిసిన బంకరేణువుల మధ్య ఏర్పడే పట్టు అని ఆయన వాదించారు. అలాగైతే పై మీటరు నల్లరేగడిని తీసేసి, దాని బదులు బంకతనం ఉండి కూడా ఉబ్బని మట్టిని వేసి దిమ్మిస చేస్తే ఆ పట్టు అలాగే ఉంటుంది, ఉబ్బే పొర మాత్రం ఉండదు. దీనికే సి.ఎన్.ఎస్. పొర అని పేరు. ఇండియన్ జియోటెక్నికల్ సొసైటీ 1978లో ఏర్పాటుచేసిన మొదటి వార్షికోపన్యాసంలో కట్టి గారు ఈ పరిశోధన సమస్తం వివరించారు. కర్ణాటకలో మలప్రభ కాలువల మీద దీన్ని అమలుచేశారు. ఉబ్బే నేలల్లో కాలువ లైనింగు గురించి 9451 నంబరు ప్రమాణం వచ్చినప్పుడు సి.ఎన్.ఎస్. పొర అందులో ముఖ్యాంశమయింది.

ఫీల్డులో దీనికి ఉన్న కష్టం మొరమే. మొరం అని పేరు పెట్టి ఎర్రగా కనిపించిన ప్రతి మట్టీ సి.ఎన్.ఎస్. కాదు. పూర్తిగా ఇసుకపాటుగా ఉంటే బంకతనం ఉండదు, బంక ఎక్కువైతే అదే ఉబ్బుతుంది. దాని ఉబ్బు ఒత్తిడి చదరపు మీటరుకు ఒక టన్ను దాటకూడదు. అలాంటి క్వారీ దగ్గరలో ఉంటే సరే, ఇరవై కిలోమీటర్ల దూరంలో ఉంటే ఎస్టిమేటు పెరుగుతుంది. ప్రతి క్వారీ నమూనా లేబొరేటరీకి పంపి రిపోర్టు వచ్చేదాకా ఆగవలసిందే. ఆ ఆగే ఓపికే చాలాచోట్ల కరువు. పరిశోధకుడు ఇరవై ఏళ్లు శ్రమించి చెప్పిన మాట ఒక లారీ లోడు దగ్గర నిలబడుతుంది, లేదా పడిపోతుంది.

బెంగళూరు: కిరసనాయిలు మీద తర్జనభర్జన

నల్లరేగడి పరీక్షల్లో మనవాళ్లు ఎక్కువగా చేసేది ఫ్రీ స్వెల్ టెస్టు. 1977 ప్రమాణంలో చెప్పిన పద్ధతి ఇది. సన్నగా జల్లించి ఎండబెట్టిన మట్టి 10 గ్రాముల చొప్పున రెండు కొలపాత్రల్లో పోస్తారు. ఒకదానిలో డిస్టిల్డ్ వాటర్, రెండోదానిలో కిరసనాయిలు నింపి 24 గంటలు వదిలేస్తారు. కిరసనాయిలులో మట్టి ఉబ్బదని లెక్క. నీటిలో అంతకంటె ఎంత ఎక్కువ చోటు ఆక్రమించిందో శాతంగా చెబుతారు. 50కి లోపయితే ఫర్వాలేదు, 100 దాటితే జాగ్రత్త, 200 దాటితే ప్రమాదం అని మనం చదువుకున్నాం.

బెంగళూరు ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌లో శ్రీధరన్ గారు, వారి సహచరులు ఈ పరీక్ష పునాదినే ప్రశ్నించారు. కేయొలినైట్ ఎక్కువగా ఉన్న మట్టి కిరసనాయిలులో గుల్లగా పేరుకుని నీటిలో కంటె ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది. అప్పుడు లెక్క కడితే ఉబ్బు సున్నా కంటె తక్కువ వస్తుంది! రెండు ఖనిజాలూ కలిసిన మట్టిలో ఇది మరింత మోసం చేస్తుంది. అసలు ఉబ్బు కొంత దాగిపోతుంది. ఈ పరీక్షకు కొత్త నిర్వచనం అవసరమని వారు 1985లో ప్రచురించారు. చవకగా, తేలికగా చేసే పరీక్షలో కూడా ఎంత ఆలోచన దాగి ఉందో దీనివల్ల తెలుస్తుంది.

అదే సంస్థలో కె. ఎస్. సుబ్బారావు గారు నల్లరేగడిని ఒక్కసారి తడిపి చూడటంతో ఆగలేదు. నిజమైన నేల ఏటేటా తడుస్తుంది, ఎండుతుంది. అలా పదేపదే తడిపి ఎండబెట్టి చూస్తే సి.ఎన్.ఎస్. పొర మొదటిసారి ఉబ్బును బాగా ఆపినా, తరువాతి విడతల్లో దాని పనితనం తగ్గుతోందని ఆయన 2000లో ప్రచురించిన వార్షికోపన్యాసంలో చూపించారు. దీన్ని కట్టి గారి పరిశోధనకు ఖండనగా నేను చూడను. ఎప్పుడూ తడిగా ఉండే కాలువకూ, ఏడాదిలో కొన్ని నెలలు ఎండిపోయే కాలువకూ, ఎండావానలకు ఆడే ఇంటి పునాదికీ ఒకే మందు పనిచేయకపోవచ్చునన్నది ఇందులోని పాఠం.

కాకినాడ, వరంగల్లు: మన వాకిట్లో

ఈ కథలో మన కాలేజీల పాత్ర చిన్నది కాదు. 1946లో మొదలైన కాకినాడ ఇంజనీరింగు కాలేజీ 1972 తరువాత జె.ఎన్.టి.యు.లో భాగమై, 2008లో దానికదే విశ్వవిద్యాలయమయింది. 1959లో మొదలైన వరంగల్లు ఆర్.ఇ.సి. 2002లో ఎన్.ఐ.టి. అయింది. నల్లరేగడిని ఇంటి సమస్యగా భావించి ఈ రెండుచోట్లా ఏళ్లతరబడి పనిచేసినవారున్నారు. కాకినాడలో ఎ. శ్రీరామారావు గారి బృందం సి.ఎన్.ఎస్. మొరం దొరకని చోట థర్మల్ స్టేషన్ల బూడిదకు కొంచెం సున్నం లేదా సిమెంటు కలిపి పరిస్తే ఎలా ఉంటుందని పరీక్షించి, 2007, 2008 సంవత్సరాల్లో ఫలితాలు ప్రచురించింది. ఆ పొర గట్టిపడి, పదేపదే తడిసి ఎండినా ఉబ్బును బాగా అణచింది. బూడిద చెరువుల్లో గుట్టలుగా పడి ఉండే వ్యర్థపదార్థానికి ఒక ఉపయోగం దొరికింది.

రెండోది కంకర పైలు లంగరు. మెత్తని నేలల్లో కంకర పైల్లు వేయడం ముందే ఉంది. అయితే అది విడివిడి రాళ్ల కుప్ప, పైకి లాగే బలాన్ని ఆపలేదు. గొయ్యి అడుగున ఒక ఉక్కు పలక పెట్టి, దానికి కడ్డీ బిగించి, కడ్డీ రెండో కొసను పునాదికి కట్టి, గొయ్యి నిండా కంకర దిమ్మిస చేస్తే పునాది పైకి లేవాలన్నప్పుడు ఆ కంకర మొత్తం గోడలను పట్టుకుని అడ్డుకుంటుంది. బి. ఆర్. ఫణికుమార్ గారు, శ్రీరామారావు గారు, కాన్పూరు ఐ.ఐ.టి.లో చాలాకాలం పనిచేసిన మాధవ్ గారు ఈ పరిశోధనలో ముఖ్యులు. 2004లో లేబొరేటరీ ఫలితాలు, 2007లో బయటి నేలలోనే లంగర్లను లాగి చూసిన ఫలితాలు అంతర్జాతీయ పత్రికల్లో వచ్చాయి. సుత్తి, కంకర, ఒక పలక, ఒక కడ్డీ: మన పల్లె మేస్త్రీకి అందని వస్తువు ఇందులో ఒక్కటీ లేదు.

మన పెట్టెల్లో ఉన్న సగం చరిత్ర

ఇంత జరిగాక కూడా నల్లరేగడిలో ఇళ్లు పగులుతూనే ఉన్నాయి. విద్య లేక కాదు. ఆ విద్యను అడిగేవారు లేక. మన సభ్యుల్లోనే చాలామంది పదవీ విరమణ డబ్బుతో ప్లాటు కొని ఇల్లు కట్టుకుంటున్నారు. గచ్చు రాళ్ల రంగుకు నాలుగు షాపులు తిరుగుతాం గాని కింద మట్టి ఏమిటని అడగం. నల్లరేగడి ప్లాటయితే లిక్విడ్ లిమిట్, ఫ్రీ స్వెల్, ఉబ్బు ఒత్తిడి ఈ మూడు అంకెలున్న రిపోర్టు చేతికి వచ్చాకే పునాది డిజైను చేయించండి. కట్టిన తరువాత ఇంటి చుట్టూ నీరు నిలవకుండా వెడల్పయిన గచ్చు వేయండి. స్నానాలగది పైపు కారుతుంటే వెంటనే బాగుచేయించండి. గోడను ఆనుకుని పెద్ద చెట్టు పెంచకండి, అది ఒకవైపు నేలను పీల్చి కుంగేలా చేస్తుంది. నల్లరేగడిలో శత్రువు మట్టి కాదు, తేమలో వచ్చే మార్పు.

చివరగా మన సంఘానికి ఒక ప్రతిపాదన. ఈ శాస్త్రం మొదటినుంచీ రెండు కాళ్ల మీద నడిచింది. ఒకటి విశ్వవిద్యాలయపు బల్ల, రెండోది ఫీల్డు పుస్తకం. టెర్జాగీ సైట్లు చూసి బల్ల దగ్గరికి వెళ్లాడు. ఓవైహీలో పునాది కదిలాకే అమెరికన్లకు ఈ నేల సంగతి పట్టింది. సి.ఎన్.ఎస్. పొర పది విడతల తరువాత ఏమవుతుందో లేబొరేటరీలో కొన్ని నెలల్లో ఊహించవచ్చు గాని, నలభై ఏళ్ల తరువాత ఏమయిందో చెప్పగలిగేది కాలువ ఒక్కటే. ఏ రీచిలో ఏ మొరం వేశాం, ఎంత మందం వేశాం, ఏ సంవత్సరం పలకలు లేచాయి, ఎక్కడ నేటికీ చెక్కుచెదరలేదు అన్నది ఏ పత్రికలోనూ లేదు. మన లెవెల్ పుస్తకాల్లో, డైరీల్లో, మన జ్ఞాపకాల్లో ఉంది. 2014లో రాష్ట్రం విడిపోయినప్పుడు ఆఫీసులూ రికార్డులూ ఇటూ అటూ మారాయి. మనం కూడా ఏటేటా తగ్గిపోతున్నాం.

అందుచేత అటువంటి పుస్తకాలు, క్వారీ పరీక్షల నకళ్లు, పాత ఫొటోలు ఉన్న సభ్యులు వాటిని సంఘానికి తెలియజేయవలసిందిగా కోరుతున్నాను. సంవత్సరం, కాలువ, కిలోమీటరు నంబరు రాసి ఉంటే ఒక్క పేజీ అయినా విలువైనదే. అన్నీ ఒకచోట చేర్చి దగ్గరలోని ఇంజనీరింగు విశ్వవిద్యాలయపు సివిల్ విభాగానికి అప్పగించే బాధ్యత కార్యవర్గం తీసుకుంటే, అందుకు కావలసిన శ్రమ చేయడానికి నేను సిద్ధంగా ఉన్నాను. మన తరువాత కాలువగట్టు మీద నిలబడే పిల్లలకు మనం ఇచ్చి వెళ్లగలిగిన ఆస్తి ఇదే.